సంప్రదాయాన్ని కుట్టిన దర్జీలు

మన ఆడపిల్లలు కూచిపూడి ఆడేటప్పుడు వేసుకునే దుస్తులు వేయేళ్ళ నాటివని చాలామంది అనుకుంటారు. అనుకుంటారు అనడం కంటే, ఆ విషయం ఎవరూ ఆలోచించలేదు అనడం న్యాయం. నడుము దగ్గర బిగించి ముందు విసనకర్రలాగ విచ్చుకునే కుచ్చిళ్ళు, రెండు కాళ్ళకూ విడివిడిగా పైజామా, వెనుక కటిభాగాన ఒక గుడ్డ, భుజం మీదుగా తెచ్చి హుక్కుతో తగిలించే పైట. ఇవన్నీ ఒక పట్టుచీరను దర్జీ ముక్కలుగా కత్తిరించి, కొలతల ప్రకారం కుట్టి ఇచ్చినవి. ఆ కత్తెరకు వయస్సు కడితే తొంభై ఏళ్ళకు అటూ ఇటూ తేలుతుంది. మన తాతమ్మల్లో కొందరు ఆ కత్తెర కంటే పెద్దవారు.

ఈ మాట బాచుపల్లిలో కూర్చొని రాస్తున్నాను. ఇరవై ఏళ్ళ క్రితం మియాపూరు వైపు నుంచి ఇటు వచ్చేవారికి పొలాలు, రాతి గుట్టలు, ఇంజనీరింగు కళాశాల బస్సులు కనబడేవి. ఇప్పుడు అపార్టుమెంట్ల నడుమ ఆకాశం వెతుక్కోవాలి. అయితే ఒక మంచి మాట చెప్పుకోవాలి. శనాదివారాలు ఏ క్లబ్బుహౌసు పక్కనుంచి నడిచినా నట్టువాంగం కర్ర చప్పుడు వినబడుతుంది. వారమంతా కంప్యూటర్ల ముందు కూర్చొనే తల్లిదండ్రులు వారాంతంలో పిల్లల గజ్జెల సంచీ మోసుకుంటూ తిరగడం నాకు ముచ్చటగా ఉంటుంది. ఇంత జనం ఇంత శ్రద్ధగా నాట్యం నేర్పించుకున్న కాలం మన చరిత్రలో మరొకటి ఉందా అని సందేహం. అందుకే ఆ పిల్లలకు మనం సంప్రదాయం పేరిట ఏమి చెబుతున్నామన్నది చిన్న విషయం కాదు.

కిందటేడు మా ప్రాంతంలో ఒక వినాయక చవితి వేదిక దగ్గర చూసిన సంగతి చెబుతాను. పదకొండేళ్ళ పిల్ల ఒకతె అమ్మమ్మ పట్టుచీర కచ్చపోసి కట్టుకుని వచ్చింది. అంతకు ముందు సంవత్సరం కుట్టించిన దుస్తులు బిగుతైపోయాయట; అద్దెవి దొరికేసరికి ఆలస్యమయిందట. అమ్మమ్మగారు తానే చీర కట్టి, నడుముకు వడ్డాణం బిగించి తీసుకువచ్చారు. చూడడానికి ముచ్చటగా ఉంది. నిర్వాహకులలో ఒకాయన వచ్చి, "ఇది సంప్రదాయ దుస్తులు కాదు కదమ్మా, వరుసలో ఈ పాప ఒక్కతే వేరుగా కనబడుతుంది, వచ్చే ఏడు చూద్దాంలెండి" అన్నారు. ఆ పెద్దావిడ ఒక్క మాటే అడిగారు: "చీర సంప్రదాయం కాదా బాబూ?" ఆయన దగ్గర జవాబు లేదు. పాట మొదలయింది. ఆ పిల్ల గజ్జెలు విప్పకుండా కార్యక్రమం అయ్యేదాకా మెట్ల పక్కన నిలబడి చూసింది.

ఆ నిర్వాహకుడు చెడ్డవాడు కాదు. వరుస చక్కగా ఉండాలనుకున్నాడు, అంతే. కానీ ఆయన వాడిన "సంప్రదాయం" అన్న మాట నన్ను చాలా రోజులు వదలలేదు. చేతి నుంచి చేతికి చక్కగా అందించేదానికి కదా ఆ పేరు! అమ్మమ్మ చేతి నుంచి మనవరాలికి వచ్చిన చీర సంప్రదాయం కాకుండా పోయి, దుకాణం నుంచి రోజు అద్దెకు వచ్చిన హుక్కుల దుస్తులు సంప్రదాయం ఎలా అయ్యాయి? ఇది తెలుసుకోవాలంటే కొంచెం దూరం, పారిసు దాకా, వెళ్ళిరావాలి. మిత్రులు ఓపిక పట్టాలి.

అంతకంటే ముందు మన శాస్త్రం సంగతి. భరతుడు అభినయాన్ని నాలుగుగా విభజించాడు. ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం. వేషం, నగలు, రంగులు, రంగాలంకరణ అన్నీ ఆహార్యంలోకి వస్తాయి. ఆహార్యం అంటే తెచ్చుకునేది, బయటి నుంచి చేర్చుకునేది. మిగిలిన మూడూ నర్తకి ఒంట్లో, గొంతులో, మనసులో పుట్టేవి. ఇది మాత్రం కొనో, అరువుకో, అద్దెకో తెచ్చుకోవలసినది. పేరులోనే ఉంది కదా, ఇది మారుతుందని! తెచ్చుకునే వస్తువు ఏ సంతలో ఏది దొరికితే ఆ రూపు దాలుస్తుంది.

ఇక పారిసు. మన ఇళ్ళలో ఆడపిల్ల మొదటి పుట్టినరోజుకు వేసే వలగుడ్డ కుచ్చుల గౌను చూశారు కదా. కూకట్‌పల్లి బట్టల దుకాణాలలో దానిని "టూటూ ఫ్రాక్" అని అమ్ముతున్నారు. ఆ టూటూ పుట్టినిల్లు బాలే నృత్యం. అది కూడా దేవుడిచ్చిన రూపంతో పుట్టలేదు. పద్దెనిమిదో శతాబ్దం మొదట్లో పారిసు ఆపెరాలో నర్తకీమణులు నేలను ఊడ్చే గౌనులు వేసుకుని, లోపల చట్రాలు బిగించుకుని ఆడేవారు. మరీ కామార్గో అనే నర్తకి పాదాల పనితనంలో దిట్ట. ఆ పనితనం గౌను కింద దాగిపోతే ఏమి లాభమని అంచు కాస్త పైకి కత్తిరించింది. ఊరంతా గగ్గోలు పెట్టింది, ఆ తరువాత అందరూ కత్తిరించుకున్నారు. ఆమెకు పోటీగా ఉన్న మరీ సాలే 1734లో లండనులో చట్రం లేకుండా, పలుచని మస్లిను గుడ్డతో, జుట్టు విరబోసుకుని ఆడింది.

1832లో "లా సిల్ఫీద్" వచ్చింది. మరీ తాల్యోనీ అందులో గాలిలో తేలే కన్యగా కనబడింది. తెల్లని, పొరలు పొరలుగా గంటలాగ వేలాడే గౌను, మోకాలి దిగువ దాకా. దానితో తెలుపు బాలేకు గుర్తు అయిపోయింది. టూటూ అన్న పేరు మాత్రం చాలా కాలానికి గాని రాలేదు. శతాబ్దం చివరికి ఇటలీ నర్తకులు గిరగిరా తిరిగే విన్యాసాలతో రష్యా వెళ్ళారు. కాలు తొడ దాకా కనబడితేనే ఆ విద్య విలువ తెలుస్తుంది. అప్పుడు గౌను ఇంకా పొట్టిదై, నడుము చుట్టూ పళ్ళెంలాగ అడ్డంగా నిలిచింది. సెయింట్ పీటర్స్‌బర్గులో వర్జీనియా జుక్కీ 1880లలో ఈ పొట్టి గౌను కోసం పట్టుబట్టిందని చెబుతారు. చూశారా, ప్రతి మలుపులోనూ ఒక పని అవసరం, ఒక స్త్రీ మొండితనం, ఒక కుట్టుపని ఉన్నాయి.

ఈ కథలో నన్ను బాగా కలచివేసినది ఎమ్మా లివ్రీ సంగతి. అప్పటి రంగస్థలం మీద గ్యాసు దీపాలు. వాటికీ ఆ పలుచని తెల్లగుడ్డలకూ పొత్తు కుదరదు. 1844లోనే లండనులో క్లారా వెబ్‌స్టర్ అనే నర్తకి గౌను అంటుకుని మరణించింది. ఆ తరువాత మంట అంటకుండా గుడ్డను మందునీళ్ళలో నానబెట్టే పద్ధతి వచ్చింది. కానీ ఆ మందు పట్టిన గుడ్డ బిరుసెక్కేది, తెలుపు మాసేది. తాల్యోనీ స్వయంగా తీర్చిదిద్దిన శిష్యురాలు ఎమ్మా, ఇరవై ఏళ్ళ పిల్ల, అది వేసుకోనని నిరాకరించింది. 1862 నవంబరులో పారిసు ఆపెరాలో ఒక సాధన సమయంలో గౌను దీపానికి తగిలింది. ఎనిమిది నెలలు నరకం అనుభవించి 1863 జూలైలో కన్నుమూసింది. గుడ్డ తెలుపు మాయకూడదన్న పట్టుదలకు ఒక ప్రాణం బలి. ఆమెను మూర్ఖురాలు అనబోయే ముందు ఒక్కటి గమనించాలి. ఆ తెలుపు లేకపోతే ఆమె నర్తకి కాదని ఆమెకు అందరూ కలిసి నేర్పారు. అది అప్పటికి ముప్పై ఏళ్ళ సంప్రదాయం మాత్రమే!

ఇప్పుడు మనవైపు మలుపు తిరుగుదాం. 1830లో పారిసులోనే తాల్యోనీ ఒక భారతీయ దేవదాసి పాత్ర ఆడింది. దేవదాసిని వారు "బయదేర్" అనేవారు. పోర్చుగీసువారి మాట నుంచి వచ్చింది. ఆ దేవదాసి పాత్రకు చీర ఎక్కడిది? బాలే గౌనే. ఎనిమిదేళ్ళకు, అంటే 1838లో, పుదుచ్చేరి దగ్గరి నుంచి అసలు దేవదాసీలే పారిసు వెళ్ళారు. వారిలో అమని అనే అమ్మాయి పేరు మారుమోగింది. థియోఫీల్ గోతియే వంటి రచయిత ఆమెను గూర్చి పేజీలు నింపాడు. శిల్పి ఒకడు కంచుబొమ్మ చేశాడు. చీర, లోపల పైజామా, ఒంటినిండా నగలు ఉన్న ఆ స్త్రీలను చూసి పారిసు జనం కొంత మురిశారు, కొంత తికమకపడ్డారు. వారికి తెలిసిన దేవదాసి గౌను వేసుకుంటుంది కదా! అసలు వచ్చి నకలు ముందు నిలబడితే, అసలే తప్పుగా కనబడింది. తరువాత 1877లో పెటిపా "లా బయదేర్" అనే బాలే కూర్చాడు. అందులో చనిపోయిన దేవదాసి నీడలు వరుసగా కొండ దిగివస్తాయి. అందరూ తెల్లని టూటూలలోనే. ఇప్పటికీ ప్రపంచమంతా ఆడుతున్నారు.

ఆ బయదేర్ల దేశానికి ఆన్నా పావ్లోవా వచ్చింది. మరణించే హంస నృత్యంతో ప్రపంచాన్ని ఏడిపించిన రష్యా నర్తకి. 1923లో ఉదయశంకరుతో కలిసి లండనులో రాధాకృష్ణుల నృత్యం ఆడింది. 1920ల చివర ఆమెను రుక్మిణీదేవి అరండేల్ కలిసింది. ఇద్దరూ ఒకే ఓడలో ఆస్ట్రేలియా ప్రయాణం చేశారు. పావ్లోవా బృందంలోని క్లియో నోర్డి దగ్గర రుక్మిణీదేవి బాలే పాఠాలు నేర్చుకుంది. నీ దేశపు నాట్యం నేర్చుకో అని పావ్లోవాయే ఆమెకు చెప్పిందని ప్రసిద్ధి. ఆమె పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళె దగ్గర సదిర్ నేర్చుకుని, 1935 డిసెంబరులో మద్రాసు అడయారులో ప్రదర్శించింది. మరుసటి సంవత్సరం కళాక్షేత్రం వెలిసింది.

రుక్మిణీదేవి బాలే రంగస్థలాన్ని దగ్గరగా చూసిన మనిషి. వెలుతురు ఎక్కడి నుంచి పడాలి, వాయిద్యగాళ్ళు ఎక్కడ కూర్చోవాలి, నర్తకి నడుము గీత దూరం నుంచి ఎలా కనబడాలి అన్న లెక్కలు ఆమెకు తెలుసు. అంతకు పూర్వం వాయిద్యగాళ్ళు నర్తకి వెనుక నిలబడి ఆమెతోపాటు కదిలేవారు. ఆమె వారిని ఒక పక్క కూర్చోబెట్టింది. దేవాలయ శిల్పాలు చూసి నగలు, వేషం దిద్దించింది. కట్టే చీరకు బదులు కుట్టిన దుస్తులు వచ్చాయి. అరమండిలో కూర్చోగానే మోకాళ్ళ నడుమ విచ్చుకునే ఆ విసనకర్ర పూర్వం కూడా లేకపోలేదు. చీర కుచ్చిళ్ళనే అలా ముందుకు దోపేవారు, లోపల పైజామా తొడిగేవారు. కానీ ఆ మడతలు ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క తీరు. దర్జీ వాటిని ఇస్త్రీ పెట్టి, కుట్టేసి, ఒకే కోణంలో నిలబెట్టాడు. టూటూ వల్లనే ఇదంతా అయిందని నేను అనను. అది చౌకబారు మాట అవుతుంది. కానీ కాలి గీత కనబడాలని కామార్గో పట్టిన కత్తెరకూ, అరమండి కొలత కనబడాలని అడయారులో పట్టిన కత్తెరకూ చుట్టరికం ఉందని మాత్రం అంటాను.

ఇందులో మరొక సంగతి ఉంది. అది దుస్తుల సంగతి కాదు, మనుషుల సంగతి. ఆ రోజులలో దేవదాసీ వ్యవస్థను రద్దు చేయాలని ముత్తులక్ష్మీ రెడ్డి పోరాడుతున్నారు. 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. మన గోదావరి, కృష్ణా జిల్లాలు అప్పటికి మద్రాసు రాష్ట్రంలోనివే. చట్టం వెనుక ఉన్న బాధ నిజమైనది, దానిని కాదనలేము. కానీ కళావంతుల ఇళ్ళలో తరతరాలుగా నిలిచిన పదాలు, జావళీలు, మేజువాణీ ఆటలు, వారి చీరకట్టు కూడా అదే గాలిలో కొట్టుకుపోయాయి. నాట్యం పెద్దింటి ఆడపిల్లలకు తగినదని నిరూపించాలంటే, అది కళావంతుల ఆటలాగ కనబడకూడదు. కనబడకుండా ఉండడానికి అన్నిటికంటే తేలిక మార్గం బట్ట మార్చడం. ఇది నా అభిప్రాయం. ఎవరైనా కాదంటే వినడానికి సిద్ధం. దేవదాసీ కుటుంబంలో పుట్టిన బాలసరస్వతి మాత్రం చీరకట్టునే నిలుపుకొన్నారు. క్షేత్రయ్య పదం ఆమె అభినయించడం చూసినవారెవరూ ఆ కట్టులో లోపం చూడలేదు.

ఇప్పుడు చెప్పండి, ఒక పదకొండేళ్ళ పిల్ల చీర కట్టుకు వస్తే "ఇది సంప్రదాయం కాదు" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో! ఆ నిర్వాహకుడికి కళావంతుల పేరు కూడా తెలిసి ఉండదు. అయినా తొంభై ఏళ్ళ క్రితం చీరను రంగస్థలం దింపిన ఆ వెనుకటి భయమే ఆయన నోట పలికింది.

మన కూచిపూడి కథ ఇంకా తమాషా. అక్కడ అసలు ఆడవారే లేరు. కృష్ణా జిల్లా గ్రామంలో భాగవతుల కుటుంబాల మగవారు సత్యభామ వేషం, ఉష వేషం కట్టేవారు. ఊరూరా తిరుగుతూ, రాత్రంతా కాగడాల వెలుతురులో ఆడేవారు. ఆ వెలుతురును తలచుకుంటే ఆ ఆహార్యం అర్థమవుతుంది. ముఖానికి అరదళం ఎందుకు? ఎర్రని మంట వెలుగులో పసుపు రంగు ముఖం దూరానికి కనబడుతుంది. నగలు బంగారువి కావు. తేలిక కర్రతో చెక్కి, మెరుగు కాగితమో అద్దపు బిళ్ళలో అతికించేవారు. మంట కదిలితే అవి తళుక్కుమనేవి, రాత్రంతా మోసినా మెడ నొప్పి ఉండదు. పాత్ర ప్రవేశంలో కాగడా మీద గుగ్గిలం పొడి చల్లితే భగ్గుమని వెలుగు లేచేది. ఎమ్మా లివ్రీని కాల్చిన మంటను పోలినదే మన భాగవతులకు దీపాలంకరణ అయింది. అదృష్టవశాత్తు మన నూలు, పట్టు చీరలు వలగుడ్డలంత తొందరగా అంటుకునేవి కావు.

భామాకలాపంలో జడ సంగతి తెలియనివారు ఉండరు. తెర వెనుక నుంచి సత్యభామ జడను తెర మీదుగా ఇవతలికి వేసేది. నాతో పోటీకి రాగలవారెవరైనా ఉంటే రండి, ఓడితే ఈ జడ కోసిస్తాను అని సవాలు. ఆ జడ మీద సూర్యుడు, చంద్రుడు, నాగపడగ, చిలుకలు, ఇలా ఒక విశ్వమే ఉండేది. ఆ జడ మగవాడి తలకు కట్టినది! వేదాంతం సత్యనారాయణ శర్మగారు ఆ వేషంలో నడిచివస్తే ఆడవారే నివ్వెరపోయి నడక నేర్చుకోవాలనుకున్నారని పెద్దలు చెప్పుకునేవారు. 2012లో ఆయన, వెంపటి చినసత్యంగారు ఇద్దరూ కొన్ని నెలల తేడాతో వెళ్ళిపోయారు. కూచిపూడికి ఆ సంవత్సరం రెండు కాలాలు ఒకేసారి ముగిశాయి.

వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రిగారు ఆడపిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ స్థాపించాక గాలి పూర్తిగా మళ్ళింది. మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి, తరువాత శోభానాయుడు వంటివారు దేశదేశాలలో ఆడారు. మద్రాసులో ఉన్న కూచిపూడికి మద్రాసు దర్జీలే దుస్తులు కుట్టారు. భరతనాట్యం దుస్తుల కంటే నడిమి విసనకర్ర పొడుగుగా ఉంచడం వంటి కొద్ది తేడాలతో అదే కొలత కూచిపూడికీ వచ్చింది. ఇందులో ఒక వింత చూడండి. మగవారు ఆడవేషం కట్టినంత కాలం చీర కట్టుకుని ఆడారు. పుట్టినప్పటి నుంచి చీరను ఎరిగిన ఆడవారు వేదికనెక్కగానే చీరను కత్తిరించి కుట్టవలసి వచ్చింది! ఈ మధ్య మన హైదరాబాదులోనే హలీం ఖాన్ స్త్రీవేషంలో కూచిపూడి ఆడుతుంటే ముక్కున వేలేసుకునేవారు ఉన్నారు. వారికి ఏది పాతదో ఏది కొత్తదో తలకిందులుగా తెలుసునన్నమాట.

"శిల్పాలలో చూడండి, అదే ప్రమాణం" అంటారు కొందరు. చూద్దాం. 1213 నాటి రామప్ప గుడి మనకు ఎంతో దూరం కాదు. 2021లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. జాయపసేనాని నృత్తరత్నావళి చదివినవారు ఆ గుడిని చూసి పరవశిస్తారు. నటరాజ రామకృష్ణగారు పేరిణిని తిరిగి నిలబెట్టింది ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టుకునే. అక్కడి నల్లరాతి మదనికలకు నగలు కొల్లలు, బట్ట మాత్రం బహు స్వల్పం. ఒక మదనిక ఎత్తుమడమల చెప్పులు తొడుక్కుని ఉంటుంది కూడా. ఆ ప్రమాణం నిజంగా పాటిస్తే మన అపార్టుమెంటు సంఘాలవారు పోలీసులను పిలుస్తారు! కనుక శిల్పాన్ని సాక్ష్యానికి పిలిచేవారు పూర్తిగా పిలవాలి, తమకు కావలసిన వడ్డాణం వరకే పిలిచి పంపించకూడదు.

ఇంత చెప్పాక, కుట్టిన దుస్తులను నేను తూలనాడుతున్నానని అనుకోవద్దు. వాటి మేలు చాలా ఉంది. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి, తలపై చెంబు పెట్టుకుని తరంగం ఆడే పిల్లకు చీర కుచ్చిలి జారితే ప్రమాదం. ఒకే సాయంత్రం మూడు వేషాలు మార్చవలసిన నృత్యనాటకంలో హుక్కులే దిక్కు. 2010 డిసెంబరులో ఇక్కడికి దగ్గరే, గచ్చిబౌలి స్టేడియంలో 2,800 మంది కలిసి కూచిపూడి ఆడి గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కారు. అంతమందికి చీరలు కట్టాలంటే ముందు రోజు నుంచే మొదలుపెట్టాలి. అమెరికాలో ఉన్న మన పిల్లల మాట సరేసరి. అక్కడ చీర కట్టే అమ్మమ్మ ప్రతి ఇంట్లోనూ ఉండదు. కొలతలు పంపితే ఇక్కడ కుట్టి పంపిస్తున్నారు. ఆ కుట్టుపని మీద చెన్నైలోనూ మన నగరంలోనూ ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. ఆ దర్జీల పనితనం చూస్తే నమస్కరించాలనిపిస్తుంది. జరీ అంచును విసనకర్ర చివర సరిగ్గా వచ్చేలా గుడ్డను కోయడం తమాషా కాదు.

నా అభ్యంతరమల్లా దానికి తగిలించే పేరు మీద. సౌకర్యం అంటే సౌకర్యమని చెప్పాలి. వరుస అందంగా ఉండాలంటే అలాగే చెప్పాలి. అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. సౌకర్యానికి సంప్రదాయం అన్న పేరు పెట్టగానే, అది లేనివారు తక్కువవారు అయిపోతారు. పెరిగే పిల్లకు కుట్టిన దుస్తులు రెండేళ్ళు మించి పట్టవు. ప్రతిసారీ కొత్తవి కుట్టించగల ఇల్లు వేరు, చీర ఉన్న ఇల్లు వేరు. కుట్టని చీర పదేళ్ళ పిల్లకూ సరిపోతుంది, ముప్పై ఏళ్ళ నాటికీ సరిపోతుంది. మడత మార్చుకుంటే చాలు. మా వైపు ఇళ్ళలో పనికి వచ్చే ఒకావిడ తన కూతురిని నాట్యంలో చేర్చి ఆరు నెలలకు మాన్పించింది. "ఫీజుకు భయపడలేదు సార్, ఆ బట్టలకు భయపడ్డాం" అన్నది. ఆ మాట విన్నాకనే ఇదంతా రాయాలనిపించింది.

సినిమాల పాత్ర ఇందులో తక్కువేమీ కాదు. మెరుపు గుడ్డలు, చెమ్కీ దండలు, ఒకే అచ్చులో పోసిన తల సామాను అన్నీ అక్కడి నుంచే వచ్చాయి. అది మరో టపాకు సరిపోయే సంగతి, ఇప్పటికి వదిలేస్తాను.

బాలేవారు ఏం చేశారో ఒక్క ముక్క చెప్పాలి. ఇసడోరా డంకన్ ఆ బిగుతు దుస్తులన్నీ విసిరేసి పాదరక్షలు కూడా లేకుండా ఆడి నూరేళ్ళు దాటింది. అయినా టూటూ పోలేదు. ఏ నృత్యానికి ఏది కావాలో దానిని వాడుకుంటున్నారు. పొడుగు గౌను 1832 నాటిదని, పళ్ళెం గౌను తరువాతిదని వారి పిల్లలకు తెలుసు. మన పిల్లలకు ఆ పాటి చరిత్ర చెప్పడానికి మనకు తీరిక లేదా? దుస్తుల కొలతలు తీసుకునే రోజున, ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది, ఇంతకు ముందు ఎలా ఉండేది, ఎవరు మార్చారు అని గురువుగారు అయిదు నిమిషాలు మాట్లాడితే చాలు. వేదిక నిర్వాహకులు ప్రకటన కాగితంలో "కుట్టినవైనా, కట్టినవైనా" అన్న రెండు మాటలు చేరిస్తే చాలు. మా సంఘంవారికి ఈ రెండు మాటల కోసం ఉత్తరం రాశాను. పరిశీలిస్తామన్నారు.

ఇక చదువరులకు ఒక మనవి. మీ ఇళ్ళలో అమ్మలవో, పిన్నులవో, మేనత్తలవో నాట్యం చేస్తున్న పాత ఫొటోలు ఉంటాయి. బడి వార్షికోత్సవానివైనా ఫరవాలేదు. ఒక్కసారి బయటకు తీసి చూడండి. ఏ ఊరు, ఏ సంవత్సరం, వేసుకున్నది కుట్టినదా కట్టినదా, ఎవరు కుట్టారు లేక ఎవరు కట్టారు అన్నది గుర్తున్నంత వరకు కింద రాయండి. మనుషుల పేర్లు అక్కరలేదు. 1950కి ముందువి ఎవరి దగ్గరైనా ఉంటే, ముఖ్యంగా గోదావరి జిల్లాల నుంచి, నాకు ఎంతో మేలు చేసినవారవుతారు.